పచ్చి బాలింతకు చెప్పని కబురు

మా ఇంట్లో ఎవరికీ అమ్మవారు పోయలేదు. పోసిందన్న అబద్ధం నాది. మా తమ్ముడు దండాసి ఆర్యపల్లి ఒడ్డున వల బాగుచేసుకుంటూ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయిన రోజున, వాడి కూతురు రేవతి బరంపురం ఆసుపత్రిలో మూడు రోజుల పచ్చి బాలింత. మొదటి కాన్పు, అదీ కోసి తీసిన బిడ్డ. తమ్ముణ్ని ఇంకా వాకిట్లోంచి లేపకముందే వీధంతా ఒక్క మాట మీదికి వచ్చింది. పిల్లకు చెప్పకూడదు, చెబితే పాలు ఎగిసిపోతాయి. సరే, తల్లీ తండ్రీ బిడ్డను చూడటానికి ఎందుకు రాలేదని అడిగితే ఏం చెప్పాలి? పుట్టింటికి ఎందుకు తీసుకుపోవడం లేదంటే ఏం చెప్పాలి? అందరూ నా మొహం చూశారు. ముప్ఫై ఏళ్లు పల్లెల్లో పురుళ్లు పోసిన నర్సును కదా, ఇలాంటివి నాకే తోచాలి. "కమలకి అమ్మోరు పోసిందని సెప్పండి" అన్నాను. కమల దండాసి భార్య, రేవతి తల్లి. అమ్మవారు పోసిన ఇంటి నుంచి ఎవరూ బాలింత దగ్గరికి పోరు, బాలింతను ఆ ఇంటికి తీసుకురారు. అన్ని ప్రశ్నలకూ ఒకటే జవాబు. తమ్ముడి తల దగ్గర కూర్చుని అంత చక్కగా ఆలోచించగలిగానే అని తల్చుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

పన్నెండు రోజులు ఆ అబద్ధాన్ని తలా ఒక చెయ్యి వేసి మోశాం. రేవతిని ఆసుపత్రి నుంచి బరంపురంలోనే అత్తగారింటికి తీసుకుపోయారు. వాళ్లకు సంగతి తెలుసు. అల్లుడు మామగారి దినాలకు వచ్చి, పెళ్లాం దగ్గర రెండు రోజులు నవ్వుతూ కూర్చుని, మళ్లీ సూరత్ మగ్గాల పనికి పోయాడు. కమల రోజూ కూతురితో ఫోన్లో మాట్లాడేది గానీ వీడియో కాల్ మాత్రం ఎత్తేది కాదు. మొహమంతా పొక్కులున్నాయి, నువ్వు చూడకూడదు అనేది. బొట్టు తీసేసిన మొహాన్ని ఎలా చూపిస్తుంది? నేనూ తక్కువ తినలేదు. మీ నాన్న వేటకెళ్లాడని ఒక రోజు, ఫోను ఉప్పునీళ్లలో పడిందని ఒక రోజు, బిడ్డ ముక్కు తన ముక్కేనని సంబరపడుతున్నాడని ఇంకో రోజు చెప్పాను. చివరిది ఎవరూ అడక్కుండానే చెప్పాను.

పన్నెండో రోజు కమల నన్ను పిలిచి కూర్చోబెట్టింది. "వదినా, గుంటకి పాలు పడతం నేదంట. బిడ్డ బరువు తగ్గిపోనాదంట. డబ్బా పాలు పోత్తే కక్కేత్తన్నాదంట. నాను ఎల్లనేను. నువ్వోపాలి ఎల్లు. నువ్వైతే మొకం దాసుకోగలవు" అంది. పొగిడిందో తిట్టిందో నాకు తెలియలేదు. ఛత్రపురంలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. సంచిలో వెల్లుల్లి, బాలింతకు పెట్టే కాయం మందు డబ్బా, మెత్తటి పాత చీర ముక్కలు. బస్సు కదిలిన దగ్గర్నుంచి బరంపురం చేరేదాకా నేను ఆలోచించింది రేవతి గురించి కాదు. నా పదో ఏట, ఇలాంటి కబురే ఇలాగే దాచిన రెండు రోజుల గురించి. అప్పటి పచ్చి బాలింత మా అమ్మ. ఒళ్లో ఉన్న పన్నెండు రోజుల గుంటడు ఈ దండాసే.

అప్పటి మా ఇల్లు తాటాకు ఇల్లు. ఒకే గది, దాన్ని పాత తెరచాప గుడ్డతో రెండుగా విడగొట్టారు. గుడ్డకు ఆ వైపు పురిటి మూల. గుమ్మానికి వేపరెబ్బలు, చిరిగిన వల ముక్క ఒకటి కట్టి ఉండేవి, దిష్టీ గాలీ అందులో చిక్కుకుంటాయట. లోపల వెల్లుల్లి, పసుపు, ఆముదం, కుంపటి పొగ, వీటన్నిటి కింద ఎప్పుడూ ఉండే ఎండుచేపల వాసన. బయట ఒక మేక, దాని పిల్ల. మా నాన్నను మేము అయ్య అనేవాళ్లం. నాయనమ్మను మామ్మ అనేదాన్ని. మామ్మ పొట్టిది, గొంతు మాత్రం ఒడ్డు ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర పడవ వాళ్లు తల తిప్పేటంత. నా తర్వాత పుట్టిన ఇద్దరు బిడ్డలు నిలవలేదు. ఒకడు నెల తిరక్కుండా పోయాడు, ఇంకొకతి పేరు కూడా పెట్టకముందే పోయింది. అందుకే ఈ గుంటడు పుట్టిన దగ్గర్నుంచి మామ్మ వాణ్ని లెక్కపెట్టుకునేది. ఎన్నిసార్లు తాగాడు, ఎన్ని గుడ్డలు తడిపాడు. ఆ గుడ్డలు ఉతికి ఆరేసే పని నాది.

అయ్య పురిటి మూలలోకి రాకూడదు. ఇరవై ఒకటో రోజు దాకా తెరచాప గుడ్డకు ఇవతలే. రోజూ వేట నుంచి వచ్చి, గుడ్డ దగ్గర నిలబడి ఒకసారి దగ్గి, "గుంటడు తాగినాడా?" అని అడిగేవాడు. లోపల్నుంచి అమ్మ "తాగినాడు" అనేది. మొగుడూ పెళ్లాల మాటలు రోజుకు అంతే. కానీ ఆయన చేతిలో ఆకులో చుట్టిన చిన్న చేప ఒకటి ఉండేది. పాలసొర. మా వైపు బాలింతకు అది పెట్టకపోతే పురుడు పురుడే కాదు. మామ్మ దాన్ని ఉడికించి, తోలు తీసి, పొడిపొడిగా చిదిపి, వెల్లుల్లి వేసి కారం లేకుండా పుట్టు చేసేది. సొర చేపతో ఒక చిక్కుంది. పట్టిన వెంటనే పొట్ట చీల్చి నెత్తురు కడిగెయ్యకపోతే కాసేపటికల్లా ఉచ్చ కంపు పట్టేస్తుంది, ఎన్ని వెల్లుల్లిపాయలు దంచి పోసినా పోదు. అయ్య పడవ మీదనే చీల్చి సముద్రంలోనే కడిగి తెచ్చేవాడు. మిగతా చేపలు వలలో కొట్టుకుంటుంటే వాటిని వదిలేసి ముందు దీని పని చూసేవాడని తోటివాళ్లు ఆటపట్టించేవారు.

ఆ రోజు తెల్లవారుజామున వెళ్లిన పడవలు పొద్దెక్కేసరికి ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఉత్తరపు గాలి ఒక్కసారిగా లేచిందని, వలలు కోసేసి వచ్చామని చెప్పారు. అయ్య పడవ రాలేదు. అందులో నలుగురు. మధ్యాహ్నం అయింది, సాయంత్రం అయింది. ఒడ్డున ఆడవాళ్లు గుంపులుగా కూర్చున్నారు. మామ్మ మాత్రం కూర్చోలేదు. చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్లకేసి చాలాసేపు చూసి, వెనక్కి తిరిగి అందరికీ వినబడేలా, "నా కోడలు పచ్చి బాలింత. ఎవులైనా నోరు జారితే ఆ నోట్లో ఇసక కొడతాను" అంది. తర్వాత నా భుజం పట్టుకుని, "గుంటా, నీకు నవ్వడం ఒచ్చా?" అని అడిగింది. వచ్చన్నాను. "ఐతే నవ్వుతా ఎల్లి సెప్పు. అయ్య ఒచ్చినాడు, ఒచ్చీసి గోపాలపురం ఎల్లినాడు, పడవకి పలక కావాలంట, రెండు దినాలు పడతాదంట." ఇంటికి వెళ్లే దారిలో నేను ఆ ముక్కలు నోట్లో తిప్పుకుంటూ నడిచాను. అమ్మతో నవ్వుతూనే చెప్పాను. అమ్మ నా మొహంలోకి కాసేపు చూసి, "మరి దగ్గలేదేటి?" అంది. తొందర మీద ఎల్లినాడన్నాను.

మర్నాడు పొద్దున్న వీధి ఆడవాళ్లంతా మా వాకిట్లో మామూలు రోజును తయారుచెయ్యడానికి వచ్చారు. లోపల బాలింతకు ఒడ్డు కనబడదు, చప్పుళ్లే కదా వినబడేది, ఆ చప్పుళ్లు రోజూలా ఉంటే చాలనుకున్నారు. ఒకావిడ రోకలి పట్టి ఊరికే దంచింది. ఇంకొకావిడ చేపల బుట్ట కిందపడేసి తిరిగి ఎత్తింది. పక్కింటి పోలమ్మ సంగతే అసలు తమాషా. చేపలు ఆరేసే జాగా కోసం ఆవిడకీ మామ్మకీ రోజూ పొద్దున్నే తగువు. అది వినబడితే గానీ మా వీధికి తెల్లవారినట్టు కాదు. ఆ రోజు పోలమ్మ మెత్తగా వచ్చి, చీపురు తీసుకుని, మా వాకిలి తుడిచి, "అప్పా, గంజి తాగినావా?" అని సొంత అక్కను అడిగినట్టు మామ్మను అడిగింది. నేను గుడ్డ పక్కన కూర్చుని ఉన్నాను. లోపల అమ్మ చెయ్యి, పిల్లాడి వీపు మీద జో కొడుతున్నది, ఆగిపోయింది.

ఆ పొద్దుటి నుంచే గుంటడి ఏడుపు మారింది. అమ్మ రొమ్ము ఇస్తోంది, వాడు పట్టుకుంటున్నాడు, నాలుగుసార్లు గబగబా చప్పరించి వదిలేసి గొంతు చించుకుంటున్నాడు. మళ్లీ పట్టుకుంటున్నాడు, మళ్లీ వదిలేస్తున్నాడు. అమ్మ రొమ్ములు రాళ్లలా బిగుసుకుపోయి ఉన్నాయి. పాలు లేక కాదు. ఉన్నాయి, దిగడం లేదు. మామ్మ వేడినీళ్లలో గుడ్డ ముంచి కాపింది, జీలకర్ర కషాయం పట్టింది. ఏమీ లాభం లేకపోయింది. నేను ఉతకడానికి గుడ్డల కోసం చూశాను. ఒక్కటే ఉంది, అదీ సరిగా తడవలేదు. ముందటి రోజు తొమ్మిది ఉతికాను.

"మేకని పట్టు" అంది మామ్మ. కొన్ని పాలు పితికి, నీళ్లు కలిపి, ఒత్తితో గుంటడి నోట్లో పిండుదామని. రోజూ ఆ మేకను పితికేది మామ్మే. పిల్లను ఒక నిమిషం కుడవనిస్తే అది చేపేది, పొదుగు నిండి మెత్తబడి, వేలు తగిలితే పాలు కారేవి. ఆ రోజు పిల్లను వదిలింది, పిల్ల పొదుగును తలతో పొడిచింది, మేక మాత్రం చెవులు వెనక్కి పెట్టుకుని బిర్రబిగుసుకుని నిలబడింది. మామ్మ చనులు పట్టుకుంది. చుక్క రాలేదు. రెండోసారి పట్టుకుంటే కాలు విదిలించి చెంబు తన్నేసింది. ఆవిడ చెంబు తియ్యలేదు, మేకను తిట్టలేదు. దాని డొక్కకు నుదురు ఆనించి కాసేపు అలాగే కూర్చుంది. "దీనికి తెలిసిపోనాది" అంది, నాతో కాదు. పోలమ్మ తన మేక పాలు చెంబుడు తెచ్చి ఇచ్చింది. ఒత్తితో పిండితే గుంటడు రెండు గుటకలు మింగి, మింగినదంతా కక్కేశాడు.

మధ్యాహ్నం మామ్మ అమ్మకు కంచం పట్టుకెళ్లమంది. కంచంలో పాలసొర పుట్టు. పక్క వీధి వాళ్ల దగ్గర అడిగి తెచ్చిన చేప అది. కోడలు రోజూ తినే తిండి ఆగిపోతే అనుమానపడుతుందని తెచ్చింది పాపం. నేను కంచం పెట్టాను. అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. వాసన నాకూ తెలుస్తోంది, ఎంత వెల్లుల్లి వేసినా కింద నుంచి ఆ కంపు తెలుస్తోంది. పొట్ట చీల్చడం ఆలస్యమైన సొర. అమ్మ ఆ ముద్ద మింగి, ఇంకో ముద్ద కలుపుకుంది. కంచంలో ఉన్నదంతా ఒక్క మెతుకు వదలకుండా తింది. చెయ్యి కడుక్కున్నాక నన్ను దగ్గరికి లాక్కుని, గుసగుసగా, "ఇది మీ అయ్య కోసిన సేప కాదు. ఎన్ని దినాలైనాది పడవ రాక?" అంది. నేను నోరు తెరిచేలోపు నా నోటి మీద చెయ్యి పెట్టింది. "మామ్మకి సెప్పకు. నాకు తెలుసని తెలిస్తే నా పాలు పోతాయని ఆవిడ బెంగతోటే సచ్చిపోతాది. నువ్వు నవ్వుతా ఉండు."

అప్పటి నా అవస్థ ఎలా చెప్పను. తెరచాప గుడ్డకు ఇటు ఒకావిడ, అటు ఒకావిడ. ఇద్దరూ నన్ను నవ్వమన్నారు. మామ్మ గుమ్మంలో కూర్చుని లేని బియ్యం చెరుగుతోంది, ఊరికే చేట ఊపుతోంది. అమ్మ లోపల జోల పాడుతోంది, గొంతులో తడి లేదు. మధ్యలో గుంటడు. పొద్దు వాలేసరికి వాడి ఏడుపు కూడా పల్చబడింది. గొంతు చించుకునేవాడు కాస్తా పిల్లి కూనలా కూ అని ఊరుకుంటున్నాడు, పెదాలు ఎండిపోయాయి. ఇంతకుముందు పోయిన ఇద్దరూ పోయేముందు ఇలాగే మెత్తబడిపోయారు. నాకది గుర్తుంది. ఇంట్లో ఆ విషయం అందరికీ గుర్తుంది. మామ్మ చేట ఊపుతూనే ఉంది. నేను లేచి, తెరచాప గుడ్డను రెండు చేతులతో పట్టుకుని లాగేశాను. కట్టిన తాడుతో సహా ఊడి కిందపడింది. "మామ్మా, అమ్మకి తెలుసు. అమ్మకి మద్దేనం నుంచీ తెలుసు. నీకు సెప్పొద్దన్నాది" అన్నాను. ఇంకా ఏదేదో అన్నాను, గుర్తులేదు. దెబ్బలు తినడానికి సిద్ధపడి కళ్లు మూసుకున్నాను.

దెబ్బ పడలేదు. కళ్లు తెరిచేసరికి మామ్మ పురిటి చాప మీద కూర్చుని ఉంది. మైల, ముట్టు అని అప్పటిదాకా ఆ చాప అంచున కూడా కూర్చోని మనిషి. ఇద్దరూ ఏడవలేదు. అమ్మ అడిగిన మొదటి మాట, "ఏ గాలి?" అని. "ఉత్తరం" అంది మామ్మ. "కుండ నిండా నీల్లు ఎట్టినావా?" "నిండా ఎట్టినాను. మూత కట్టినాను." "తెడ్లు?" "ఇంకో రెండు ఎక్కువే ఉన్నాయి." "తెరసాప?" "కొత్తది." "ఉత్తరం గాలైతే దచ్చినానికి కొట్టుకుపోతాది. దచ్చినాన అంతా ఇసక ఒడ్డే" అంది అమ్మ, తనలో తనే లెక్క వేసుకుంటూ. "ఇసకే. రాళ్లు నేవు" అంది మామ్మ. ఒక్కొక్క ప్రశ్నకు జవాబు వస్తున్న కొద్దీ అమ్మ భుజాలు చెవుల దగ్గర్నుంచి కిందికి దిగడం నేను చూశాను. తర్వాత మామ్మ, "నాకు బయమేత్తన్నాదే" అంది. మా మామ్మ నోట ఆ మాట అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. అప్పుడు అమ్మ ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. మామ్మ ఏడుస్తూనే కోడలి మెడ దగ్గర్నుంచి నడుము దాకా వెన్నుకు రెండు వైపులా బొటనవేళ్లతో రాస్తోంది, మళ్లీ పైకి పోయి మళ్లీ రాస్తోంది. ఒక చేత్తో గుంటణ్ని ఎత్తి రొమ్ముకు ఆనించింది. వాడు ఎప్పటిలా గబగబా చప్పరించాడు. వదిలేస్తాడనుకున్నాను. వదల్లేదు. అమ్మ ఒక్కసారిగా ముందుకు వంగి, "ఒచ్చినాయి" అంది. గుంటడి గొంతులో గుటక చప్పుడు వినబడింది. ఇంకో గుటక. రెండో పక్క రవిక తనంతట తానే తడిసి, ధారగా చాప మీదికి కారింది. మామ్మ ఆ తడి మీద అరచెయ్యి పెట్టి అలాగే ఉంచుకుంది.

అయ్య మూడో రోజు వచ్చాడు. సోనాపురం దగ్గర ఇసకలో పడవ పడిందట, నలుగురూ బతికి కొంత నడిచి, కొంత బస్సెక్కి వచ్చారు. గుడ్డ తిరిగి కట్టేశారు కాబట్టి ఇవతలే నిలబడి ఒకసారి దగ్గాడు. కానీ నేను మర్చిపోకూడని సంగతి ఒకటుంది. పాలు ఆయన వచ్చాక రాలేదు. ఆయన బతికున్నాడో లేదో ఎవరికీ తెలియని సాయంత్రమే వచ్చాయి.

చాలా ఏళ్లకు, నర్సు ట్రైనింగులో ఒక పొడుగాటి బొమ్మ గోడకు తగిలించి మాకు ఇదంతా చెప్పారు. రొమ్ములో చిన్న చిన్న తిత్తులుంటాయి, పాలు అక్కడ తయారై అక్కడే నిలవ ఉంటాయి. బిడ్డ చప్పరిస్తే నరాల వెంట కబురు మెదడుకు పోతుంది, మెదడు నెత్తుట్లోకి ఆక్సిటోసిన్ అనే రసాన్ని వదుల్తుంది, అది వెళ్లి ఆ తిత్తులను పిండుతుంది. అప్పుడు గానీ పాలు నాళాల్లోకి దిగవు. అందుకే బిడ్డ ముందు గబగబా చప్పరిస్తుంది, అవి దిగాక నిదానంగా, లోతుగా, గుటక వేస్తూ తాగుతుంది. ఆవుకైనా మేకకైనా ఆడమనిషికైనా ఇదే దారి. తల్లి బెదిరితే ఆ రసం రాదు. పాలు ఎక్కడికీ ఎగిసిపోవు, లోపలే ఉంటాయి, తలుపు తెరుచుకోదు అంతే. పుస్తకాల్లో దీనికి పెద్ద పేరుంది, మన పల్లెల్లో చేపడం అని ఎప్పట్నుంచో అంటూనే ఉన్నారు. నేను వినయంగా రాసుకుని పరీక్ష పాసయ్యాను. ముప్ఫై ఏళ్లు ఎందరు బాలింతల వెన్ను రాశానో లెక్కలేదు. ఎందరు అత్తలకు, పిల్లను బెదరగొట్టకండి అని నీతులు చెప్పానో లెక్కలేదు. అంత తెలిసినదాన్ని, నా తమ్ముడు పోయిన రోజున, ఊరి ముసలమ్మలకంటే ముందు నేనే అబద్ధం వండాను.

బరంపురంలో రేవతి అత్తగారు గుమ్మంలోనే నన్ను ఆపి, "డాక్టర్‌బాబు 'మా ఖుసిరే రహిలే ఖీర ఆసిబ' అని ఒడియాలో అన్నారండి. తల్లి సంతోషంగా ఉంటే పాలు అవే వస్తాయట. మేమంతా నవ్వుతూనే ఉంటున్నాం. ఇంకేటి సెయ్యాలో మాకు తెలవటం నేదు" అంది. మంచి మనిషే. నిద్ర లేక ఆవిడ కళ్లు కూడా లోతుకు పోయాయి. గదిలోకి వెళ్లాను. ఫ్యాను, గోడకు నవ్వే పాపాయి బొమ్మ, బల్ల మీద పాలడబ్బా, పాలు పిండే పంపు. రేవతి మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బిడ్డ ఒళ్లో కూ అని ఊరుకుంటోంది. ఆ చప్పుడు నాకు తెలుసు.

"అమ్మకి ఎలాగుందత్తా?" అంది. తగ్గుముఖం పట్టిందన్నాను. "వేపాకు కట్టినారా?" కట్టారన్నాను. "అమ్మోరు పోసిన ఇంట్లో తాలింపు ఎయ్యరు కదా?" అంది. వెయ్యరన్నాను. "మొన్న అమ్మ ఫోన్ సేసినపుడు వెనక ఆవాలు సిటపటమన్నాయి." నేను విప్పుతున్న వెల్లుల్లి సంచిని మళ్లీ ముడేశాను. ఆ పిల్ల గొంతు పెంచలేదు. "ఎవులికో ఏదో అయినాదని నాకు తెలుసు. ఎవులికో తెలీదు. అమ్మకో, నాన్నకో, తమ్ముడికో. అడిగితే అందరూ నవ్వుతున్నారు. మా ఆయన కూడా నవ్వినాడు. దినానికి ఒకల్ని సంపుకుంటన్నానత్తా. నిన్న నాన్న. ఇయ్యాల తమ్ముడు."

చెబితే ఆ కాసిని చుక్కలూ ఆగిపోతాయేమో. అప్పుడు బిడ్డ గతి ఏమిటి, ఆ పాపం ఎవరిది? నా మొహం దాచుకోగలనని పంపారు, నిజమే, నాకది వచ్చు. కానీ ఆ పిల్ల రోజుకొకరిని చంపుకుంటూ కూర్చున్న పన్నెండు రోజుల సంగతి విన్నాక నావల్ల కాలేదు. మంచం మీద పక్కన కూర్చుని, "మీ నాన్నమ్మా. నువ్వు ఆసుపత్రిలో ఉన్నపుడే" అన్నాను. గుండె ఆగిపోయిందని, నొప్పి పడలేదని, రెండు ముక్కల్లో తేల్చేశాను.

అప్పుడు మా అమ్మలా ఈ పిల్ల నా భుజం మీద తల పెట్టి ఏడుస్తుందని, వెన్ను రాస్తానని, పాలు దిగుతాయని లోపల ఎక్కడో అనుకున్నాను కాబోలు. అలా ఏమీ జరగలేదు. నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. "బిడ్డ ముక్కు తన ముక్కేనని నాన్న అన్నాడన్నావు. ఫోన్లో సెప్పినావు. అప్పటికే నాన్న పోనాడు" అంది. నేను తల దించుకున్నాను. "ఆకరి మొకం సూడనివ్వలేదు కదత్తా. నువ్వు కూడా." తర్వాత, "బయటికెల్లు" అంది. బయట అత్తగారు నుదురు కొట్టుకుంటూ, "సెప్పీసినారా. ఇప్పుడు పాలు ఎండిపోతే మీదే పూచీ" అంది. నాదే అన్నాను.

ఆ రోజు పాలు రాలేదు. కమలకు ఫోన్ చేసి చెప్పేశానన్నాను. మర్నాడు పొద్దున మొదటి బస్సుకే కమల వచ్చింది. బొట్టు లేని మొహంతో బాలింత గదిలోకి వెళ్లకూడదని గుమ్మంలో తటపటాయిస్తుంటే వియ్యపురాలే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. తల్లీ కూతుళ్ల ఏడుపు వీధిలోకి వినబడింది. ఆ రోజు కొన్ని చుక్కలు వచ్చాయి. నేను అడుగు కదలకుండా వరండాలో కూర్చుని బిడ్డ తడిపిన గుడ్డలు లెక్కపెట్టుకున్నాను. ఇప్పుడు గుడ్డలు కావు, డైపర్లు. చేత్తో తూచి తెలుసుకోవాలి. మా చిన్నప్పుడు మధ్యలో ఒక తెరచాప గుడ్డ ఉండేది, దాచడానికి అంతే జాగా. లాగితే ఊడిపోయింది. ఇప్పుడు ఛత్రపురం నుంచి సూరత్ దాకా ఎన్ని ఫోన్లున్నాయో అన్ని గోడలు. అందరూ అందరికీ వినబడుతూనే ఉన్నారు, ఆ పిల్ల మాత్రం పన్నెండు రోజులు ఒంటరిగా కూర్చుంది.

మూడో రోజు మధ్యాహ్నం లోపల్నుంచి "అత్తా" అని పిలుపు వచ్చింది. వెళ్లాను. కూర్చోమనలేదు, నేనే కూర్చున్నాను. బిడ్డ రొమ్ము పట్టుకుని గబగబా చప్పరిస్తోంది. రేవతి నా వైపు చూడకుండా, "నాన్న సిన్నప్పుడు ఎలాగ తాగీవోడు?" అని అడిగింది. కోపం పోలేదు, గొంతులో ఉంది. నేను మొదలుపెట్టాను. పాలసొర, కంచం, మేక, పోలమ్మ చీపురు, ఎండిన పెదాలతో కూ అన్న గుంటడు, అన్నీ చెప్పాను. వాళ్ల నాయనమ్మ ముందుకు వంగి "ఒచ్చినాయి" అన్న చోటికి వచ్చేసరికి రేవతి భుజాలు సన్నగా వణికి, కళ్లు మూసుకుంది. నేను నర్సు అలవాటు కొద్దీ మాట ఆపి బిడ్డ దవడ చూశాను. గబగబా చప్పరించడం ఆగిపోయింది. నిదానంగా లోతుగా ఒక గుటక, కాస్త ఆగి ఇంకో గుటక.

"ఆపకత్తా. సెప్పు" అంది రేవతి.

నేను ఆపలేదు. అయ్య తిరిగొచ్చిన సంగతి చెప్పాను, వాళ్ల నాన్న నడక నేర్చిన సంగతి, మొదటిసారి వేటకు వెళ్లి కక్కుకున్న సంగతి, నడుము నొప్పంటూనే కూతురి పెళ్లిలో కూర్చోమన్నా కూర్చోని సంగతి చెప్పాను. చివరికి రెండు ముక్కల్లో తేల్చేసిన, తమ్ముడు పోయిన ఆ పొద్దుటి సంగతి కూడా, ఎవరు ఏమన్నారో, ఏ దుప్పటి కప్పారో, నేను ఎక్కడ కూర్చుని ఏ అబద్ధం ఆలోచించానో, ఏదీ దాచకుండా చెప్పాను. రేవతి ఏడుస్తూ వింది. బిడ్డ తాగుతూనే ఉంది.